మెదడులోంచి గడ్డ లాగే డాక్టర్ కావాలంటే ముందు ఏ పీజీ?

ప్రశ్న: ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా తాతయ్యకి పక్షవాతం వస్తే గజ్జ దగ్గర చిన్న రంధ్రం పెట్టి, అందులోంచి సన్నటి తీగలు పంపి మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డ తీసేశారు. మర్నాడు ఆయన చెయ్యి కదిలించారు. అప్పటి నుంచి నాకూ ఈ పనే చెయ్యాలని ఉంది. న్యూరోసర్జరీ చదివితేనే కుదురుతుందని నాన్న అంటున్నారు, సీనియర్లేమో రేడియాలజీ అంటున్నారు. రోజూ ఎక్స్‌రేల మధ్య ఉంటే పెళ్లయ్యాక పిల్లల విషయంలో ఇబ్బందేమో అని అమ్మ భయం. నేను చదివి బయటికొచ్చేసరికి రోబోలే అన్నీ చేసేస్తాయేమో అని నా టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ నాన్నగారు చెప్పిందీ నిజమే, సీనియర్లు చెప్పిందీ నిజమే, కాకపోతే ఎవరికి వాళ్లు ఒక్క దారే చెప్పారు. ఉన్నవి మూడు. న్యూరోసర్జరీ, రేడియాలజీ, మీ ఇంట్లో ఎవరికీ గుర్తు రాని న్యూరాలజీ. ఏ దారిన వచ్చినా చివర్లో ఈ పని కోసమే విడిగా ఇంకో ఏడాదో రెండేళ్లో ఫెలోషిప్ చెయ్యాలి. తలుపు మీద బోర్డు ఒకచోట న్యూరోఇంటర్వెన్షన్ అని ఉంటుంది, ఇంకోచోట ఎండోవాస్క్యులర్ న్యూరోసర్జరీ అని ఉంటుంది, లోపల జరిగే పని మాత్రం ఒకటే.

అసలు ఈ విద్య పుట్టిందే ముగ్గురి చేతుల్లో. మెదడు రక్తనాళాలు ఎక్స్‌రేలో కనపడేలా మందు ఎక్కించి ఫొటో తీసింది 1927లో ఎగాస్ మోనిజ్ అనే పోర్చుగీసు న్యూరాలజిస్టు. సూది గుచ్చి, అందులోంచి తీగ పంపి, ఆ తీగ మీదుగా గొట్టం ఎక్కించే పద్ధతి 1953లో చెప్పింది సెల్డింగర్ అనే స్వీడన్ రేడియాలజిస్టు, మీ తాతయ్యకి గజ్జ దగ్గర చేసిన మొదటి పని అదే. రక్తనాళం బుడగలా ఉబ్బితే (ఎన్యూరిజం) దాన్ని లోపలి నుంచే ప్లాటినం తీగచుట్టతో నింపే కాయిల్ తయారు చేసి 1990లో మొదటిసారి రోగికి వాడింది గుగ్లియెల్మి, ఆయన న్యూరోసర్జన్. కాబట్టి ఇది మాదంటే మాదని మూడు డిపార్ట్‌మెంట్లూ అనుకోవడంలో తప్పేం లేదు, ఆ గొడవలో నువ్వు తల దూర్చకు.

మరి నీకేది? నా లెక్క ఒక్కటే. ఫెలోషిప్ సీట్లు ఎక్కడైనా తక్కువే, అనుకున్నది దొరక్కపోవచ్చు, దొరికినా నువ్వు చేరిన ఆసుపత్రిలో క్యాథ్‌ల్యాబ్ (ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఈ తీగల పని చేసే గది) లేకపోవచ్చు. అలాంటప్పుడు కూడా ఏ పని చేస్తూ నువ్వు సంతోషంగా ఉండగలవో అదే నీ పీజీ. క్యాథ్‌ల్యాబ్‌కి మెట్టుగా మాత్రమే పనికొస్తుందని న్యూరోసర్జరీ తీసుకున్నవాళ్లు వెన్నెముక ఆపరేషన్లు, తల గాయాల కేసులు, ఎనిమిది గంటల ట్యూమర్ సర్జరీలు మోయలేక నలిగిపోతారు, ఎందుకంటే ట్రైనింగ్‌లో ఎక్కువ రోజులు గడిచేది వాటితోనే. రేడియాలజీ అయితే చీకటి గదిలో స్కాన్లు చదవడం నచ్చాలి, రోగితో మాటలు తక్కువ, కానీ తీగ పట్టుకునే నాటికి నీ కన్ను అందరికంటే ముందుంటుంది. న్యూరాలజీ అయితే రోగి మంచం పక్కన కూర్చుని ఏ నరం, ఏ భాగం, ఎప్పుడు మొదలైంది అని ఆరా తీయడం ఇష్టమై ఉండాలి. చేతిపని నేర్చుకోవడం ఈ దారిలో వచ్చేవాళ్లకి కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, ఫెలోషిప్‌లో అది గట్టిగానే తెలుస్తుంది.

ఇంకో మాట, ఇది కొంచెం కటువుగా ఉంటుంది. నువ్వు చూసింది బాగా జరిగిన కేసు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) చనిపోతాయని ఒక అంచనా ఉంది, అందుకే అంత హడావిడి. 2013లో ఈ చికిత్స మీద మూడు పెద్ద ట్రయల్స్ (రోగుల మీద పోల్చి చూసే అధ్యయనాలు) వచ్చాయి, మూడింట్లోనూ మందులతో పోలిస్తే అదనపు లాభం కనపడలేదు, ఇక ఇది పోయినట్టే అనుకున్నవాళ్లు చాలామంది. 2015లో వరసగా ఐదు ట్రయల్స్ దీనివైపు నిలబడ్డాయి. ఈ రెండేళ్లలో మనిషి మెదడు మారలేదు కదా. గడ్డని వలలా పట్టి లాగే స్టెంట్ రిట్రీవర్లు వాడారు, నిజంగా పెద్ద నాళమే మూసుకుపోయిందని స్కాన్‌లో చూసుకుని మరీ రోగిని ఎంచుకున్నారు, టైమ్ వృథా చెయ్యలేదు. అంటే గడ్డ లాగడం ఎంత ముఖ్యమో ఎవరికి లాగాలి అన్నది అంతే ముఖ్యం. ఆ ఐదు ట్రయల్స్ కలిపి చూస్తే, మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు మందులు మాత్రమే ఇచ్చినవాళ్లలో 26.5 శాతం, గడ్డ తీసినవాళ్లలో 46 శాతం. వైద్యంలో ఇది చాలా పెద్ద తేడా. కానీ అదే అంకెని వెనక నుంచి చదువు. గడ్డ తీసినా సగానికి పైగా జనం తమ పనులు తాము చేసుకునే స్థితికి రాలేదు. నాళం చక్కగా తెరుచుకుని, స్క్రీన్ మీద రక్తం పారుతూ కనపడి, మనిషి మాత్రం లేవని రోజులుంటాయి, బయటికొచ్చి ఇంటివాళ్లకి ఆ సంగతి చెప్పాల్సింది నువ్వే.

2018 నాటికి స్కాన్‌లో ఇంకా బతికున్న మెదడు భాగం కనపడితే, ఎంచిన కొందరికి పక్షవాతం మొదలైన 24 గంటల దాకా గడ్డ తీయొచ్చని తేలింది. రోగులకి ఇది వరం, డాక్టర్లకి మాత్రం అర్ధరాత్రి ఫోన్లు ఇంకా పెరిగాయి. పిలిస్తే అరగంటలో ఆసుపత్రిలో ఉండాలి, అది పండగ రోజైనా సరే. టీమ్‌లో ఇద్దరు ముగ్గురే ఉంటే జీవితమంతా ఆ ఫోన్ చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి ఉద్యోగం చూసుకునేటప్పుడు జీతం కంటే ముందు అడగాల్సింది నెలలో ఎన్ని రాత్రులు కాల్ పడుతుందని.

పని అంతా పక్షవాతమే కాదు. ఎన్యూరిజం చిట్లి రక్తస్రావమైనవాళ్లలో, రెండు పద్ధతులకీ పనికొచ్చే కేసుల్లో, పుర్రె తెరిచి క్లిప్ పెట్టడం కంటే కాయిల్ పెడితేనే ఏడాది తర్వాత ఎక్కువమంది బాగున్నారని 2002లో వచ్చిన ట్రయల్ చెప్పింది, ఈ రంగానికి అదొక మలుపు. ముసలివాళ్లకి తల లోపల పొరల కింద నెమ్మదిగా రక్తం చేరే జబ్బులో, ఆ పొరకి వెళ్లే ధమనిని లోపలి నుంచి మూసేస్తే మళ్లీ చేరడం తగ్గుతుందని 2024లో మంచి ట్రయల్స్ వచ్చాయి. పుట్టుకతోనే చిక్కుపడ్డ రక్తనాళాలు, మెడలో సన్నబడ్డ కెరోటిడ్ ధమనికి స్టెంట్, ఇలా చాలా ఉన్నాయి.

అయితే నాళం మూసుకుపోవడం కాకుండా చిట్లి, రక్తం బయటికొచ్చి మెదడు లోపలే గడ్డకట్టినప్పుడు తీగలతో లాభం లేదు. పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి, సన్నటి గొట్టంలోంచి చూస్తూ ఆ గడ్డని తీస్తారు. 2019లో వచ్చిన మిస్టీ-3 ట్రయల్‌లో, గొట్టం పెట్టి గడ్డని మందుతో కరిగించి తీసినా మొత్తం మీద ఫలితం మెరుగుపడలేదు. 2024లో వచ్చిన ఎన్‌రిచ్ ట్రయల్‌లో జబ్బు మొదలైన 24 గంటల లోపు ఇంకో పద్ధతిలో తీస్తే మెరుగుపడింది, ముఖ్యంగా మెదడు ఉపరితలానికి దగ్గరగా ఉన్న గడ్డల్లో. ఇది చేసేది న్యూరోసర్జన్లు మాత్రమే. నీకు తీగల పనితో పాటు ఇదీ కావాలనిపిస్తే మీ నాన్నగారి మాటే ఖాయం చేసుకో. చిన్న కోతతో అయిపోతుందని తేలిక పని అనుకోకు, ఏదైనా తేడా వస్తే పెద్ద కోత పెట్టగలిగినవాళ్లే ఈ చిన్న కోత పెట్టాలి.

అమ్మ భయం గురించి. రేడియేషన్ ఉంది, లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు. కానీ అది కొలవగలిగినది. సీసపు ఏప్రాన్, మెడకి షీల్డు, కళ్లకి సీసపు అద్దాలు, పైనుంచి వేలాడే తెర ఉంటాయి. ఎంత సోకిందో చెప్పే బ్యాడ్జి వేసుకుంటారు. కంటి లెన్స్‌కి అంతర్జాతీయ పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత). గర్భం తెలియజేశాక కడుపులో బిడ్డకి సోకేది మిగిలిన నెలలన్నిటికీ కలిపి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని సిఫారసు. అప్పుడు ఏప్రాన్ కింద పొట్ట దగ్గర రెండో బ్యాడ్జి పెట్టుకుంటారు, అలా కొలుచుకుంటూ పని చేసుకుని పిల్లల్ని కన్న డాక్టర్లు ఉన్నారు, ఆ నెలల్లో క్యాథ్‌ల్యాబ్ మానేసినవాళ్లూ ఉన్నారు. ఏదైనా నీ నిర్ణయమే అవ్వాలి, డిపార్ట్‌మెంట్ ఒత్తిడి మీద కాదు. నిజం చెప్పాలంటే ఈ పనిలో ఉన్నవాళ్లు రోజూ తిట్టుకునేది రేడియేషన్ని కాదు, ఆ ఏప్రాన్ బరువుకి వచ్చే నడుం నొప్పిని. ఇప్పటి నుంచే వ్యాయామం చెయ్యి, ఇది జోక్ కాదు.

రోబోల సంగతి తేలిగ్గా వదిలెయ్. 2019లోనే టొరంటోలో రోబో సాయంతో మెదడు ఎన్యూరిజంకి చికిత్స చేశారు, దాన్ని నడిపింది డాక్టరే. స్కాన్ చూసి పెద్ద నాళం మూసుకుపోయినట్టుందని ఫోన్‌కి కబురు పంపే ఏఐ సాఫ్ట్‌వేర్లు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. వాటివల్ల రోగి నీ దాకా త్వరగా వస్తాడు, అంతే. ఈయనకి చెయ్యాలా వద్దా అని ఇంటివాళ్ల ముందు నిలబడి చెప్పే పని ఎక్కడికీ పోదు.

ఇప్పుడు మూడో ఏడాదిలో చెయ్యాల్సింది: పోస్టింగుల్లో అనుమతి అడిగి మూడు డిపార్ట్‌మెంట్లలోనూ కూర్చో, క్యాథ్‌ల్యాబ్‌లో ఒక్కరోజు చూసి మురిసిపోకు. రేడియాలజీ వాళ్ల దగ్గర తల సీటీలు, యాంజియోలు (రక్తనాళాల ఫొటోలు) చదవడం మొదలుపెట్టు, ఏ దారిలో పోయినా అది వృథా కాదు. న్యూరోసర్జరీ ఓటీలో ఒక పొడుగాటి కేసు మొదటి నుంచి చివరి దాకా నిలబడి చూడు, కాళ్లు నొప్పెడుతున్నా ఇంకా చూడాలనిపించిందా లేదా అన్నది నాకు కాదు, మీ నాన్నగారికి చెప్పు. న్యూరాలజీ ఓపీలో పక్షవాతం వచ్చి ఆర్నెల్లయినవాళ్లు ఫాలోఅప్‌కి వస్తారు, వాళ్లతో మాట్లాడు. పీజీ ఆప్షన్లు పెట్టుకోవడానికి నీకింకా చాలా టైమ్ ఉంది, ఈలోగా ఇంట్లో ఎవరికీ ఏదీ మాటివ్వకు.