అమ్మలుకి: బ్యాచ్‌లో పెట్టిన క్యాసెట్ల గురించి

విజయనగరం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాక, తీరిగ్గా కాగితం మీద పెడితేనే నీకు పనికొస్తుందనిపించింది. టెక్కలి వైపు ఊళ్ళలో సేకరించిన హరికథలు, జముకుల కథలు, తప్పెటగుళ్ళ క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించావు. శబ్దాలు సరిచేసే ఆడాసిటీ ప్రోగ్రాంలో మాక్రో, అంటే వరసగా చెయ్యాల్సిన మెట్ల పట్టీ, తయారుచేసి ఫైళ్ళన్నిటి మీదా ఒకే బ్యాచ్‌గా నడిచేలా రాత్రి వదిలేశావు. పొద్దున లేచి చూస్తే కొన్ని బాగున్నాయి, కొన్ని టిక్కుటిక్కుమంటున్నాయి, కొన్ని అసలు లేవు, ఒకదానిలో దాసుగారి శ్రుతే మారిపోయింది. "మళ్ళీ మొత్తం ఒకసారి నడిపేస్తాను పెదనాన్నా" అన్నావు. నడపకు తల్లీ. తప్పు ఎక్కడుందో తెలీకుండా మళ్ళీ నడిపితే పాతవాటికి కొత్త తప్పులు కలుస్తాయి, అప్పుడు దేన్ని చూసి దేన్ని పట్టుకోవాలో తెలీదు.

ముందు క్యాసెట్ నుంచి నేరుగా ఎక్కించిన వేవ్ ఫైళ్ళన్నిటినీ ఇంకో హార్డ్‌డిస్కులోకి కాపీ చెయ్యి. ఆ డిస్కుని కంప్యూటర్‌కి తగిలించి ఉంచకు, తీసి బీరువాలో పెట్టు. 2018 తిత్లీ తుఫానులో తడిసి బూజుపట్టిన క్యాసెట్లు వాటిలో ఉన్నాయన్నావు కదా. అలాంటి టేపు ఇంకోసారి తిరుగుతుందన్న నమ్మకం లేదు. నీ దగ్గరున్న వేవ్ ఫైలే ఇక అసలు. బ్యాచ్ ఎప్పుడూ దాని కాపీ మీదే నడవాలి.

ఇప్పుడు టిక్కుమంటున్న ఫైలు ఒక్కటి తీసుకో. శబ్దం ఎన్నో నిమిషంలో ఎన్నో సెకనులో వస్తోందో రాసుకో. అదే ఫైలుని రెండుసార్లు మూడుసార్లు వాయించు. ప్రతిసారీ అదే సెకనులో వస్తే అది ఫైల్లో ఉంది. చోటు మారుతూ వస్తే ఫైలు శుభ్రంగానే ఉంది, వినిపించే కంప్యూటరే అందుకోలేక తడబడుతోంది. వెనక నడుస్తున్న ప్రోగ్రాములు మూసేసి మళ్ళీ విను. చాలామంది ఈ తేడా చూడకుండా బాగున్న ఫైలుకి వైద్యం మొదలుపెడతారు.

ఫైల్లోనే ఉందని తేలితే ఒరిజినల్‌లో అదే సెకను విను. అక్కడా ఉంటే టేపుదో, ఎక్కించేటప్పుడు జరిగిందో. అక్కడ లేకపోతే మాక్రోదే. మాక్రోదైతే ఆ ఒక్క ఫైలు మీద సగం మెట్లు మాత్రమే చేయించి చూడు. అప్పుడూ టిక్కు వచ్చిందంటే తప్పు ఆ మొదటి సగంలోనే ఉంది, రాకపోతే రెండో సగంలో. అలా సగానికి సగం తెంచుకుంటూ వెళ్తే ఆరేడు మెట్ల మాక్రోలో కూడా దోషం చేసేది తొందరగానే దొరుకుతుంది.

చెవితో పాటు కంటినీ వాడు. ఆ చోట బాగా జూమ్ చేసి తెర మీద శబ్దం గీత చూడు. ఒక్కసారిగా నిట్టనిలువు మెట్టులా విరిగితే అక్కడ కొన్ని శాంపిళ్ళు, అంటే శబ్దాన్ని క్షణక్షణం కొలిచి రాసుకున్న అంకెలు, జారిపోయాయి. కాసేపు బల్లపరుపు గీత ఉంటే మధ్యలో సిగ్నలే రాలేదు. ఈ రెండూ రికార్డు చేసేటప్పుడు జరిగేవి, ఏ ఎఫెక్టూ పూడ్చలేదు. టేపు సహకరిస్తే ఆ ముక్క మళ్ళీ ఎక్కించుకోవాలి. అలల తలలు కత్తిరించినట్టు చదునుగా ఉంటే శబ్దం హద్దు దాటింది. అది మాక్రోలో జరిగుంటే సరిచెయ్యొచ్చు, ఎక్కించేటప్పుడే జరిగుంటే పోయింది పోయినట్టే.

ఇక అన్నిటికన్నా నాకు బెంగగా ఉన్న సంగతి. నీ మాక్రోలో చిటపటలు తీసే క్లిక్ రిమూవల్, రొద తగ్గించే నాయిస్ రిడక్షన్, నిశ్శబ్దాలు కత్తిరించే ట్రంకేట్ సైలెన్స్ మూడూ పెట్టానన్నావు. మన కళలకి ఈ మూడూ ప్రమాదమే. క్లిక్ రిమూవల్‌కి టేపు చిటపట ఏదో, హరిదాసు చేతిలో చిరతల చప్పుడేదో తెలీదు. రెండూ ఒక్క క్షణం పైకిలేచి పడిపోయే శబ్దాలే. చిరతల పదును, తప్పెటగుళ్ళ వాళ్ళ కాలి గజ్జెల మెరుపు అది కొరికేస్తుంది. నువ్వు టిక్కు అనుకుంటున్నవాటిలో కొన్ని, చిరత దెబ్బ సగం తినేయగా మిగిలినవేమో ఒరిజినల్‌తో పోల్చి చూడు. 1919లో మన ఊళ్ళో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్‌ని చేశారు. ఆయన తీర్చిదిద్దిన హరికథలో చిరతల తాళం, గజ్జె నడక, మాట అన్నీ ఒకటే ప్రాణం. ఊరి దాసుగారి క్యాసెట్లో కూడా అంతే. అందుకని క్లిక్ రిమూవల్ బ్యాచ్‌లోంచి తీసెయ్యి. నిజంగా టేపు చిటపట ఉన్నచోట నువ్వే ఎంచుకుని చేత్తో చెయ్యి. ఆలస్యమైతే అవనీ.

నాయిస్ రిడక్షన్ ముందుగా ఒట్టి రొద ఉన్న ముక్క చూపిస్తే, దాన్నిబట్టి మిగతాదాంట్లో రొద తగ్గిస్తుంది. ఆ నమూనా ప్రోగ్రాం తెరిచి ఉన్నంతసేపే గుర్తుంటుంది. మూసి మర్నాడు తెరిచి మాక్రో నడిపితే నమూనా ఉండదు. పైగా నమూనా శాంపిల్ రేటు (సెకనుకి ఎన్ని శాంపిళ్ళో ఆ లెక్క), ఫైలు శాంపిల్ రేటు ఒకటి కాకపోతే ఆ మెట్టు పనిచెయ్యదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక క్యాసెట్ రొద ఇంకో క్యాసెట్‌కి సరిపోదు. టేపు వేరు, రికార్డు చేసిన యంత్రం వేరు, పందిరిలో జనరేటర్ వేరు. అన్నిటికీ ఒకే నమూనా వాడితే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు గుడగుడలాడుతుంది. క్యాసెట్‌కో ఫోల్డరు చేసి, ఒక్కో ఫోల్డరుకి దాని నమూనా తీసుకుని విడిగా నడుపు. నమూనా శ్రుతిపెట్టె మొదలవకముందు ఉన్న చోటే తీసుకో, లేకపోతే ఆగకుండా మోగే శ్రుతిని కూడా రొద అనుకుని తుడిచేస్తుంది. జముకు గుమ్మనే శబ్దానికీ అదే గతి పట్టొచ్చు. అందులోనే రెసిడ్యూ అని ఒకటుంటుంది. అది ఎంచుకుని ప్రివ్యూ నొక్కితే తీసేయబోయేది మాత్రమే వినిపిస్తుంది. దాంట్లో మాట గానీ శ్రుతి గానీ వినబడిందంటే ఎక్కువ తీస్తున్నావని. రొద తగ్గింపు ఆరు డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టి చూడు. కొంచెం బుస్సుమని మిగిలితే మిగలనీ, ముసలి టేపుకి అది సహజమే.

ట్రంకేట్ సైలెన్స్ అయితే ఈ పనికి అస్సలు వద్దు. పద్యం ఎత్తుకోబోయే ముందు దాసుగారు ఆగిన ఆ కాసేపు కూడా కథలో భాగమే.

కొన్ని ఫైళ్ళలో గొంతు చిన్నగా వచ్చిందంటే కారణం చాలాసార్లు మైకు దెబ్బ. ఎవరో మైకు తట్టి ఉంటారు, లేదా కింద పడేసి ఉంటారు. నార్మలైజ్ ఫైలంతట్లో ఎత్తైన ఒక్క శిఖరాన్ని చూసి, దాన్ని హద్దుకి తెచ్చి, మిగతాదంతా ఆ లెక్కనే పెంచుతుంది. శిఖరం మైకు దెబ్బదైతే కథ పాతాళంలోనే ఉండిపోతుంది. ఆ దెబ్బని చేత్తో తగ్గించి, తర్వాత నార్మలైజ్ చెయ్యి. హద్దు మైనస్ ఒక డెసిబెల్ దగ్గర పెట్టు. సున్నా దాకా లాగితే ఎంపీ3గా మార్చినప్పుడు మళ్ళీ హద్దు దాటి పగులుతుంది. నార్మలైజ్ మాక్రోలో చివరి మెట్టు కావాలి, దాని తర్వాత ఎగుమతి ఒక్కటే ఉండాలి. అలాగే ఒక ఛానల్లో మాత్రమే శబ్దం ఉన్న ఫైళ్ళకి, రెండు ఛానళ్ళనీ విడివిడిగా నార్మలైజ్ చేసే గడిలో టిక్కు గుర్తు తీసెయ్యి. లేకపోతే ఖాళీ ఛానల్లోని బుస్సుని కూడా కథంత పెద్దది చేస్తుంది.

శ్రుతి మారిన ఫైలు సంగతి. ఎంత మారిందో కొలువు. సుమారు ఒకటిన్నర స్వరస్థానం పెరిగో తగ్గో ఉంటే టేపుని అనుమానించక్కర్లేదు, 44,100 రేటులో ఉన్నదాన్ని 48,000 అనుకునో, అటుదిటుగానో వాయిస్తోందన్నమాట. ట్రాక్ మెనూలో రేటు మారిస్తే శాంపిళ్ళు అలాగే ఉండి వేగం మారుతుంది. ఇలా తప్పు రేటుతో వాయిస్తున్న ఫైలుకి కావలసింది అదే, దాని అసలు రేటు అక్కడ పెట్టు. రీశాంపిల్ అయితే వేగం, శ్రుతి కదలకుండా రేటు మాత్రం మారుస్తుంది, శ్రుతి బాగున్న ఫైలు రేటు మార్చడానికే అది. తేడా ఇంకో కొలతలో ఉంటే మాత్రం టేపు తిరిగిన వేగమే తప్పు కావొచ్చు, క్యాసెట్ ప్లేయర్ చూపించుకోవాలి. చేతి రికార్డర్లో 96,000లో చేసినవి నీ దగ్గరుంటే బ్యాచ్‌కి ముందే 48,000కి దించు. ఎంపీ3కి అదే పై హద్దు.

కనబడకుండా పోయిన ఫైళ్ళు నిజంగా పోయి ఉండకపోవచ్చు. ప్రిఫరెన్సెస్‌లో డైరెక్టరీస్ దగ్గర మాక్రో ఔట్‌పుట్ ఏ ఫోల్డరుకి వెళ్తోందో చూడు. ప్రతి క్యాసెట్ ఫోల్డరులోనూ "సైడ్ ఎ", "సైడ్ బి" అనే పేర్లు పెట్టావని నాకు గట్టి అనుమానం. అవన్నీ ఒకే ఫోల్డరులోకి వచ్చి పడితే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పేరులోనే ఊరు, కళ, క్యాసెట్ నంబరు, వైపు ఉండాలి. ప్రశ్నార్థకాలు, కొటేషన్లు, చుక్కలు పేర్లలో వద్దు. విండోస్‌లో ఫోల్డర్ల దారితో కలిపి పేరు 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు తెరవలేవు, కాబట్టి ఫోల్డరు లోపల ఫోల్డరు పెంచకు.

డిస్కులో చోటు కూడా చూసుకో. 44,100 స్టీరియో, 32 బిట్ ఫ్లోట్‌లో గంట శబ్దానికి దాదాపు 1.27 జీబీ కావాలి. పని జరిగేటప్పుడు ఎఫెక్టు ఎఫెక్టుకీ కొత్త కాపీ రాసుకుంటుంది గనక, అయిదు మెట్ల మాక్రోకి ఒక్క గంట ఫైలే ఆరేడు జీబీలు తినొచ్చు. తాత్కాలిక ఫోల్డరు పెన్‌డ్రైవ్ మీద పెట్టకు. చాలా పెన్‌డ్రైవ్‌లు వాడే ఫ్యాట్ 32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు. బ్యాచ్ నడిచేటప్పుడు గూగుల్ డ్రైవ్ లాంటి సింక్‌లు ఆపి ఉంచు, కంప్యూటర్ నిద్రపోకుండా సెట్టింగు మార్చు. మీ వైపు కరెంటు సంగతి నీకు తెలుసు, యూపీఎస్ మీద లేకుండా రాత్రంతా వదలకు.

మాక్రో మార్చాక మొత్తం మీద వదలకుండా, ఒక హరికథ, ఒక జముకుల కథ, ఒక తప్పెటగుళ్ళ ఫైలు మాత్రం ఇచ్చి నడుపు. మూడిటినీ హెడ్‌ఫోన్స్‌లో మొదలు, మధ్య, చివర విను. సరిగ్గా ఉంటేనే మిగతావి, అవి కూడా ఒకేసారి కాదు, క్యాసెట్ ఫోల్డర్ల చొప్పున.

శ్రుతి మారిన ఫైలు, బాగా చిటపటలాడుతున్న ఫైలు నాకు పంపు. ఎంపీ3 వద్దు, ఒరిజినల్ వేవ్, బ్యాచ్ తర్వాత వచ్చింది రెండూ కావాలి. మాక్రోని మేనేజర్లోంచి ఎగుమతి చేసి దాన్ని కూడా జతచెయ్యి, ఏ మెట్టు తర్వాత ఏది ఉందో చూస్తాను. పంపేలోగా బీరువాలో పెట్టమన్న కాపీ మాత్రం ఈ రాత్రికే చేసెయ్యి.

మీ పెదనాన్న