బండి అమ్మకు అల్లుడూ, ముందు ఫ్లాష్ పవర్ తగ్గించు

అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. పాలచుక్క పడి కిరీటంలా లేచే ఫోటో తీయాలి, ఏ కెమెరా కొనాలి, బండి అమ్మితే డబ్బు సరిపోతుందా అని అడిగావు. బండి అమ్మకు. మీ అమ్మకు తెలిస్తే తిట్లు నీకు కాదు, నాకు. నీ పాత కెమెరా, నా బీరువాలో పడున్న చిన్న ఫ్లాష్, మెడికల్ షాపులో దొరికే సెలైన్ పైపు, ఇవి చాలు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఈ కిటుకు నాకు స్టూడియోలో తెలియలేదు. అప్పట్లో ఇక్కడే అనంతపురంలో ఒక కార్ల షెడ్డులో తెలిసింది. మెకానిక్ ఇంజన్ టైమింగ్ చూడ్డానికి తుపాకీలాంటి లైటు ఒకటి పట్టుకున్నాడు, మొదటి సిలిండర్‌లో స్పార్క్ పడినప్పుడల్లా అది ఒకసారి మెరుస్తుంది. ఇంజన్ గర్రుమని తిరుగుతోంది, మెరిసిన ప్రతిసారీ అదే చోట ఉంటుంది కాబట్టి పుల్లీ మాత్రం ఎవరో పట్టుకున్నట్టు నిలబడి ఉంది, దాని మీద సుద్దతో గీసిన గీత కూడా స్పష్టంగా కనిపిస్తోంది. నేను వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటి వేసి, "అది తిరగతా ఉందప్పా, వేలు పోతుంది" అన్నాడు. అప్పటికి ఎన్ని పెళ్ళిళ్ళలో ఫ్లాష్ కొట్టానో లెక్క లేదు, కానీ ఫ్లాష్ అంటే చీకట్లో వెలుగిచ్చేది అనే తప్ప కదిలేదాన్ని నిలబెట్టేది అని ఆ రోజు వరకూ తట్టలేదు.

అమెరికాలో ఎమ్‌ఐటీ అనే యూనివర్సిటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీరు కూడా మోటార్ల దగ్గరే మొదలుపెట్టాడు. తిరిగే మోటారును మెరుపులతో నిలబెట్టి చూస్తూ చూస్తూ చివరికి పాలచుక్క దాకా వెళ్ళాడు. ఎర్రటి రంగు మీద తెల్లటి కిరీటం, నువ్వు చూసిన ఫోటో బహుశా అదే, 1957 నాటిది. అందులోనూ చుక్కను పట్టింది మెరుపే.

ఇప్పుడు లెక్క చూడు. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిన చుక్క కింద తగిలేసరికి సెకనుకు 2.4 మీటర్ల వేగంలో ఉంటుంది. నువ్వు షట్టర్ 1/1000 పెట్టావనుకో, ఆ కాస్త వ్యవధిలోనే చుక్క 2.4 మిల్లీమీటర్లు జరుగుతుంది. చుక్కే నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది కదా, ఇంక ఫోటోలో చీపురుతో అలికినట్టు పడక ఏమవుతుంది? అదే 1/20000 సెకను మెరుపైతే జరిగేది 0.12 మిల్లీమీటరే. ఏదైనా తీసే ముందు ఈ హెచ్చవేత చేసుకో, వేగం ఎంత, వెలుగు ఎంతసేపు. కాగితం మీద అరనిమిషం పని.

అంత పొట్టి మెరుపు ఎక్కడిది అంటావేమో, కెమెరా నెత్తిన తగిలించే మామూలు హాట్‌షూ ఫ్లాష్‌లోనే ఉంది. ఫుల్ పవర్‌లో అది వెయ్యో వంతు సెకను, కొన్నైతే ఇంకా ఎక్కువసేపు వెలుగుతుంది. మాన్యువల్‌లో, అంటే మన చేత్తోనే సెట్ చేసి, పవర్‌ను 1/64 వంతుకో 1/128 వంతుకో దించితే దాదాపు 1/20000 సెకనుకు, కొన్నిటిలో ఇంకా తక్కువకు వస్తుంది. ఎందుకంటే ఈ చిన్న ఫ్లాష్‌లు పవర్ తగ్గించమంటే మసకగా వెలగవు, తొందరగా ఆరిపోతాయి. అందరూ చేసే తప్పు ఇక్కడే: ఫోటో నల్లగా వచ్చిందని పవర్ పెంచుతారు, వెంటనే చుక్క చెదిరిపోతుంది. వెలుగు చాలకపోతే ఫ్లాష్‌ను దగ్గరికి జరుపు, ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు) 800 దాకా పెంచుకో, పవర్ జోలికి మాత్రం పోవద్దు. పాత స్టూడియో లైట్లకు ఈ లెక్క నప్పదు, వాటిలో చాలావరకు పవర్ తగ్గిస్తే మెరుపు ఇంకా సాగుతుంది, అందుకే ఎవరి దగ్గరా అవి అడిగి తెచ్చుకోకు.

గది చీకటి చేసి షట్టర్ 1/200 దగ్గర పెట్టు, లెన్స్ రంధ్రం ఎఫ్/11. చీకట్లో షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఫోటో పడేది మెరుపు వెలిగిన ఆ కాసేపే. సెలైన్ పైపుకు చక్రం ఉంటుంది కదా, దాన్ని తిప్పుతూ సెకనుకో చుక్క పడేలా సర్దుకో. చుక్క పడేచోట ఒక పెన్ను అడ్డంగా పెట్టి దాని మీద మాన్యువల్ ఫోకస్ చేసి, లెన్స్ రింగుకు టేపు వేసెయ్, లేకపోతే వంద ఫోటోల తర్వాత తెలుస్తుంది ఫోకస్ ఎప్పుడో జరిగిపోయిందని. ఫ్లాష్‌కు పాలిథిన్ కవర్ తొడుగు. మొదటిరోజు నేను తొడగలేదు, పాలు లోపలికి దిగి ఎండలకు పులిసి, ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, నవ్వమంటే నవ్వేవాళ్ళు కాదు. ఫ్లాష్ పాడైతే మాత్రం విప్పి చూడకు. బ్యాటరీలు తీసేసినా లోపల కెపాసిటర్‌లో (మెరుపుకు కరెంటు దాచుకునే భాగం) 300 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది, తగిలితే తమాషా కాదు.

30 సెంటీమీటర్లు పడటానికి పావు సెకను పడుతుంది. చుక్క జారగానే నొక్కితే దాదాపు సరిపోతుంది, దాదాపు అంటే యాభైలో రెండు మూడు. మొదట అలాగే చెయ్యి, చేతికి లయ తెలుస్తుంది. విసుగొచ్చాక ట్రిగ్గర్ గురించి, అంటే దానంతటదే నొక్కే ఏర్పాటు గురించి ఆలోచించు. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరిగెత్తే గుర్రాన్ని 12 కెమెరాలతో తీసినప్పుడు ఎవరూ బటన్ నొక్కలేదు, దారికి అడ్డంగా దారాలు కట్టాడు, గుర్రమే వాటిని తగులుకుంటూ పోయింది. నువ్వూ అంతే, జరిగేదానితోనే మెరుపును నొక్కించు.

బెలూన్‌కు ఇది చాలా సులువు. నీళ్ళు నింపి వేలాడదీసి, చీకట్లో షట్టర్‌ను బల్బ్‌లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే సెట్టింగ్) తెరిచి పెట్టి, సూదితో పొడువు. టప్ అన్న శబ్దానికి మైకు ఫ్లాష్‌ను కొడుతుంది. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో పనిచేసే సౌండ్ సెన్సర్ తక్కువ ధరకే దొరుకుతుంది, మీ కాలేజీ ల్యాబులో అడుగు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి మైకును 34 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే మెరుపు ఒక మిల్లీసెకను ఆలస్యమవుతుంది (మే నెలలో మన ఎండకు కాస్త తొందరగా వస్తుంది, ఆ తేడాతో నీకు పనిలేదు). రబ్బరు చీలిపోయి నీళ్ళు ఇంకా బెలూన్ ఆకారంలోనే గాల్లో నిలబడి ఉండే క్షణం ఒకటి దొరుకుతుంది చూడు, దానికోసం నేను రెండు ప్యాకెట్లు పగలగొట్టాను.

ఫోన్‌లో స్లో మోషన్ కూడా అడిగావు. సెకనుకు 240 ఫ్రేములు తీసి 30తో ఆడిస్తే ఒక సెకను ఎనిమిది సెకన్లవుతుంది, సరదాగా ఉంటుంది, కానీ ట్యూబులైటు కింద తీయకు. మన కరెంటుకు లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, కంటికి కనపడదు గానీ వీడియోలో కొట్టుకుంటుంది. మిద్దె మీద పదకొండు గంటల ఎండలో తియ్యి. 960 అని డబ్బా మీద రాసి ఉంటే మురిసిపోకు, కొన్ని ఫోన్లు మధ్య ఫ్రేములను సొంతంగా కల్పిస్తాయి.

ఆదివారం పొద్దున బస్సెక్కు. ఫ్లాష్ తీసి తుడిచి పెడతాను. సెల్లులు నాలుగు నువ్వే తెచ్చుకో, చార్జింగువైతే మేలు. పాలు వచ్చేటప్పుడే ఒక ప్యాకెట్ కొనుక్కురా, మీ అత్త కాఫీకి తీసి పెట్టుకున్నవి మళ్ళీ ముట్టుకునే ధైర్యం నాకు లేదు.

మీ మామ