నర్సరీ సైటుకి లింకులు

చి. సతీష్‌కి, బాబాయి దీవెనలు.

కడియం నర్సరీ సైటు గూగుల్లో కనపడట్లేదని బెంగపడకు. ముందు అసలు గూగుల్ జాబితాలోకి ఎక్కిందో లేదో చూడు. సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్లో పైన ఉన్న పెట్టెలో హోంపేజీ అడ్రసు వేస్తే తెలిసిపోతుంది. నోఇండెక్స్ (జాబితాలో చేర్చొద్దు) అని వస్తే, సైటు కట్టిన వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో రీడింగ్‌లోకి వెళ్లి, సెర్చ్ ఇంజన్లు రావద్దనే గడిలో టిక్కు తీసెయ్. కట్టేటప్పుడు పెట్టి, అప్పజెప్పేటప్పుడు మర్చిపోయే టిక్కు అది. ఆనక సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల చిట్టా, సెర్చ్ కన్సోల్లో ఇచ్చెయ్.

ఎక్కినంత మాత్రాన పైకి రాదు. లింకుల్ని బట్టి పేజీకి విలువకట్టే 1998 నాటి పేజ్‌ర్యాంక్ పద్ధతి నుంచీ గూగుల్ చూసేవాటిలో ఇదొకటి: నీకు లింకిచ్చిందెవరు, వాళ్లకి ఇచ్చిందెవరు. సంబంధం చూసేటప్పుడు మంచి మాట ఎవరి నోట వచ్చిందో చూసుకోమూ, అలాగే. అయిదు వేలకి వెయ్యి లింకులంటూ ఫోన్లొస్తాయి, ఫోన్ పెట్టెయ్. 2012లో దొంగ లింకుల్ని పట్టే పెంగ్విన్ అనే మార్పు గూగుల్లో వచ్చాక అలాంటి సైట్లు అడుగుకి పోయాయి. 2016 నుంచి ఆ లింకుల్ని చాలావరకు లెక్కలోకే తీసుకోవట్లేదు, డబ్బు దండగ. వాళ్లు చూపించే డొమైన్ అథారిటీ మోజ్ అనే కంపెనీ 100కి వేసే మార్కు, గూగుల్‌ది కాదు.

మన దగ్గర మొక్కలు ఎత్తుకెళ్లే ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లని అడుగు. వాళ్ల సైట్లో తోట ఫొటోల కింద మొక్కలెక్కడివో రాసి లింకిస్తే చాలు. అందరిచేతా "చవక మొక్కలు" అని ఒకే మాట రాయించకు, అనుమానం వస్తుంది. ఫేస్‌బుక్ లింకులు బేరాలు తెస్తాయి, ర్యాంకుకి పెద్దగా పనికిరావు.

అడక్కుండా లింకు రావాలంటే పేజీలో సరుకుండాలి. మొక్కకో పేజీ పెట్టు. గోదావరి గంగ కొబ్బరే తీసుకో: అంబాజీపేట పరిశోధన స్థానం ఇచ్చిన హైబ్రిడ్, ఈస్ట్ కోస్ట్ టాల్‌కీ గంగబొండానికీ పుట్టింది. మొక్కకీ మొక్కకీ 8 మీటర్లు, గొయ్యి పొడవు, వెడల్పు, లోతు మీటరు చొప్పున అని రాసి, మన మడిలో మొక్క పక్కన టేపు పెట్టి తీసిన ఫొటో వెయ్. "కొబ్బరి ఎంత దూరంలో నాటాలి" అని రైతు తెలుగులోనే వెతుకుతాడు, ఆ మాటే శీర్షికగా పెట్టు. హోంపేజీ నుంచి దానికి లింకు మర్చిపోకు. అడ్రసు మార్చాల్సొస్తే పాతదానికి 301 మళ్లింపు (పాత అడ్రసుకి వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి పంపేది) తప్పనిసరి, లేకపోతే వచ్చిన లింకుల బలమంతా పోతుంది.

ఫలితానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతోంది. జనం వెతికే మాటల్లో సెర్చ్ కన్సోల్లో సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్నవి ఏరి, ముందు ఆ పేజీలే బాగుచెయ్. తొలకరి బేరాలకి అందాలంటే కొబ్బరి పేజీ సంక్రాంతిలోపే ఎక్కించు.

బాబాయి