'చివికే ప్లాస్టిక్' అనవచ్చా?

సందేహం: మైపాడు తీరంలో చెత్త ఏరే పనికని మా బడిపిల్లలు గుడ్డ మీద 'జీవవిచ్ఛిన్న ప్లాస్టిక్ సంచులే వాడండి' అని రాశారు. చేపలమ్మే అవ్వ ఒకామె దాన్ని చదివించుకొని, 'ప్రాణం తీసే సంచులా నాయనా?' అనింది. పోనీ 'మొక్కల ప్లాస్టిక్' అని మారిస్తే సరిపోతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, ఇందుకూరుపేట మండలం

సమాధానం: అవ్వ తప్పుగా వినలేదు. 'జీవులచేత విచ్ఛిన్నమయ్యేది', అంటే ఇంగ్లీషులో బయోడిగ్రేడబుల్, అని మీరు తృతీయా తత్పురుషంగా అనుకున్నారు. ఆమె 'జీవం యొక్క విచ్ఛిన్నం' అని షష్ఠిగా తీసుకుంది. సమాసంలో విభక్తి కనపడదు కాబట్టి రెండూ కుదురుతాయి. పైగా విచ్ఛిన్నమనే మాట మన చెవికి కాపురాలకూ కూటములకూ అలవాటైంది. ఎండుటాకు విచ్ఛిన్నమైందని ఎవరైనా అనగా విన్నామా?

ఈ పనికి తెలుగులో మాటలకు కరువు లేదు. టమాటా కుళ్ళుతుంది. కోడిగుడ్డు మురుగుతుంది. గుడ్డ, తాడు, కొయ్య, కప్పు మీది తాటాకు మాత్రం చివుకుతాయి. చీకిపోయింది అని కూడా అంటాం. చిన్నప్పుడు మా ఇంట్లో దూడ పలుపును రెండు చేతులతో లాగి చూసి, 'ఇది చివికిందిరా, తెంపుకుపోద్ది' అనేవాళ్లు. పైకి తాడులాగే ఉంటుంది, వేలితో నలిపితే పీచు పొడిగా రాలుతుంది. సూక్ష్మజీవులు లోపల్లోపల తినేసిన స్థితికి ఇంతకన్నా సరైన మాట నాకు తెలియదు. జాలరులుండే పట్టపుపాలెంలో పెద్దవాళ్లను అడగండి: నూలు వలలు చివికిపోకుండా చెట్టు బెరడు కషాయంలో ముంచేవాళ్లు. నైలాను వలకు ఆ బాధ లేదు, అందుకే అది తెగి ఒడ్డున పడ్డా అలాగే ఉంటుంది. 'బాగా చివికిన పశువుల ఎరువు వేయండి' అని వ్యవసాయ సలహాల్లో ఇప్పటికీ రాస్తారు. అంటే కంపోస్టు అనే మాట వెనకున్న పని రైతుకు పాతదే.

ఇక 'మొక్కల ప్లాస్టిక్' సంగతి. ఇక్కడ పొరపాటు మాటలోనే కాదు, అర్థంలో కూడా ఉంది. 'మొక్కల' అన్నది పుట్టుక చెబుతుంది, 'చివికే' అన్నది చివరకు ఏమవుతుందో చెబుతుంది. చెరకు నుంచి తీసిన పాలిథిన్ అచ్చం పెట్రోలు పాలిథిన్ వంటిదే, మట్టిలో చివకదు. పీబీఏటీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ మామూలుగా పెట్రోలియం నుంచి తయారైనా, తగిన ఎరువు దిబ్బలో చివుకుతుంది. రెంటినీ ఒకే మాటతో పిలిస్తే కొనేవాడు మోసపోతాడు. ఉద్యమం చేసేవాళ్లు మాట విషయంలో అందరికన్నా జాగ్రత్తగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

వ్యాకరణం ఇంకో హెచ్చరిక చేస్తోంది. 'చివికే' అన్నది తద్ధర్మార్థక విశేషణం: పారే నీరు, ఎగిరే పక్షి లాగా స్వభావాన్ని చెబుతుంది, ఎక్కడైనా ఎప్పుడైనా అన్నట్టు. పీఎల్ఏ అనే మొక్కల ప్లాస్టిక్ సంగతి అలా కాదు. మొక్కజొన్న గంజిపిండిని చక్కెరగా మార్చి, పులియబెట్టి, పెరుగు పులుపులో ఉండే లాక్టిక్ ఆమ్లాన్నే తీసి, దాన్ని గొలుసుగా అల్లితే వచ్చేది పీఎల్ఏ. అది త్వరగా చివకాలంటే పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉండే దాదాపు 60 డిగ్రీల వేడి, తేమ కావాలి. చల్లటి సముద్రపు నీళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే స్ట్రాలు, చెంచాల వంటివాటిని దేశమంతటా నిషేధించాక 'మట్టిలో కలిసిపోతుంది' అనే ముద్రతో బోలెడు సరుకు వస్తోంది. ఏ మట్టిలో, ఎంత వేడిలో అన్నది చెప్పకుండా ఆ వాక్యం పూర్తి కాదు.

మైపాడులో కట్టే గుడ్డ మీద విశేషణం వదిలి క్రియ వాడండి, చోటు కూడా చెప్పండి: 'ఈ సంచి ఎరువు కేంద్రంలో చివుకుతుంది. సముద్రంలో చివకదు. ఒడ్డున పారేయొద్దు.' కట్టే ముందు ఆ అవ్వకు ఒకసారి చదివి వినిపించండి.