విజయవాడలోనే ఇద్దరికీ ఒక సాయంత్రం

నమస్కారమండీ. పెద్దగా ఖర్చు లేకుండా, సినిమా కాకుండా, శ్రీమతితో ఒక సాయంత్రం మన విజయవాడలో ఎక్కడ గడపాలని అడిగారు. ఎండ తగ్గాక ప్రకాశం బ్యారేజీ మీదికి నడిచి వెళ్ళండి. 1957లో పూర్తయిన ఆ కట్టడానికి 70 గేట్లున్నాయి; కృష్ణమ్మ గాలికి ఎగిరే కొంగును ఆవిడ సర్దుకుంటూ ఆగినప్పుడల్లా మీరూ ఆగుతూ, సీతానగరం ఒడ్డు దాకా నెమ్మదిగా నడిస్తే అరగంట పడుతుంది, మీకు కావలసింది ఆ అరగంటే. ఫోన్లు మాత్రం జేబులోంచి తీయకండి, ఇది నా గట్టి మాట. తిరిగి వచ్చేసరికి ఇంద్రకీలాద్రి మీద దీపాలు కనిపిస్తాయి. ఆపైన బండి దగ్గర నిలబడి, అప్పుడే నూనెలోంచి తీసిన పునుగులను ఒకే పొట్లంలో అల్లం చట్నీతో తినండి. భవానీ ద్వీపానికి పడవ ప్రయాణం పగటిపూట బాగుంటుంది కనుక దానిని మరో ఆదివారానికి ఉంచుకోండి.