ఒకచోట లాసిక్ చేయొచ్చన్నారు, ఇంకోచోట కార్నియా వంకర, వద్దన్నారు: ఏది నమ్మాలి?

లాసిక్ అంటే కళ్లద్దాల పవర్ తగ్గించే లేజర్ ఆపరేషన్, కార్నియా అంటే కంటి ముందుండే పారదర్శక పొర. మీ రెండు రిపోర్టులు కలవకపోవడానికి కారణం చాలావరకు మీ కాంటాక్ట్ లెన్సులే. స్కాన్ రోజు పొద్దున దాకా వాటిని పెట్టుకున్నానని మీ ప్రశ్నలో రాశారు కదా, ఆ ఒత్తిడికి కార్నియా ఆకారం కొన్నాళ్లు మారిపోతుంది. పవర్ కూడా తప్పుగా చూపిస్తుంది.

1. సాఫ్ట్ లెన్సులు కనీసం 2 వారాలు, గట్టివైతే 4 వారాలు పూర్తిగా మానేసి కళ్లద్దాలతోనే ఉండండి. ఫంక్షన్ ఉందని మధ్యలో ఒక్కరోజు పెట్టుకున్నా లెక్క మళ్లీ మొదటికే. చాలామంది తప్పేది ఇక్కడే.
2. తర్వాత టోపోగ్రఫీ (కార్నియా ఆకారం చూపే స్కాన్) మళ్లీ చేయించండి.
3. కార్నియా మందం చూసుకోండి: ఉదాహరణకు 510 మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫ్లాప్‌కి, అంటే లేజర్ కోసం పైకి లేపే పలుచటి పొరకి 110, మైనస్ 5 పవర్‌కి సుమారు 70 పోతే 330 మిగులుతుంది. 250 కంటే తగ్గితే వద్దే వద్దు.
4. ఏడాదిలో పవర్ 0.5 కంటే ఎక్కువ మారితే ఆగండి.

కొత్త స్కాన్‌లోనూ కార్నియా కింది భాగం ఉబ్బుగా కనిపిస్తే కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ముందుకు ఉబ్బే జబ్బు) అనుమానం. అప్పుడు ఎంత డిస్కౌంట్ ఇస్తామన్నా లాసిక్ చేయించుకోకండి.