ఊరంతా ఒకే ఇంటిపేరైతే వంశం ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: మా అల్లుడి పూర్వీకులది స్కాట్లాండ్ ఈశాన్య తీరంలోని బకీ, అందరూ హెర్రింగ్ చేపలు పట్టినవాళ్లే. మనవరాలి కోసం వంశవృక్షం రాద్దామంటే ఎటు చూసినా కౌవీలు, స్మిత్‌లే, పైగా జేమ్స్, జార్జ్ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మనవాళ్లెవరో తేల్చేదెలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, టెన్షన్ పడకండి, ఆ ఊరివాళ్లకీ ఇదే చిక్కు వచ్చింది, అందుకే ఒక్కో కుటుంబానికి 'టీ-నేమ్' అని ఇంకో పేరు తగిలించుకున్నారు, అది చాలాచోట్ల రికార్డుల్లోకీ ఎక్కింది. ముందు అల్లుడి ఇంట్లో పెద్దవాళ్లని ఆ పేరు, పడవ పేరు అడగండి, ఆలస్యం చేయొద్దు, వాళ్లు పోతే చెప్పేవాళ్లుండరు.

తర్వాత తల్లుల వైపు నుంచి వెళ్లండి. అక్కడి మరణ ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ఆధారం ఇదే. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1855లో మొదలైంది, ఆ ఒక్క ఏడాది పత్రాల్లో వివరాలు మరీ ఎక్కువ. అవి స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, అసలు కాగితం చూడాలంటే డబ్బు కట్టాలి. అంతకుముందువి చర్చి రిజిస్టర్లలో వెతకాలి, వాటిలో ఖాళీలుంటాయి.

పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం అక్కడ ఆనవాయితీ. ఇది దారి చూపిస్తుంది కానీ రుజువు కాదు, పత్రంతో సరిపోల్చకుండా చెట్టులో ఎవరినీ చేర్చకండి.